సగం గిన్నె పోసే యంత్రం

దుయ్‌సెన్ ఒక్క పూట చాయ్ పొయ్యకుండా తప్పించుకోవడానికి పదకొండు రోజులు చాకిరీ చేశాడు. పోసేసి ఉంటే మూడు గంటల్లో తేలిపోయేది. కానీ పని ఎగ్గొట్టడానికి మగవాడు పడే కష్టం, పని చెయ్యడానికి పడడు. ఇది తరాజ్ ఊరి సంగతే కాదు, ఎక్కడైనా ఇంతే.

ఊళ్లో అతన్ని మిగులు స్క్రూల దుయ్‌సెన్ అంటారు. ఏది విప్పి బిగించినా చివర్న నాలుగు స్క్రూలు మిగులుతాయి. "కంపెనీ వాడు అనవసరంగా ఎక్కువ పెట్టాడు, నేను సరిచేశాను" అంటాడు. అలా సరిచేసిన స్క్రూలు బాల్కనీలో మూడు సీసాల నిండా ఉన్నాయి. వాటి పక్కనే భార్య కుల్పాష్ పెట్టిన దోసకాయ ఊరగాయ సీసాలు. ఒకసారి మేనత్త ఇంటికి ఏ సీసా పంపాడో చెబితే అదే పెద్ద కథ. ఆవిడకి రెండు పళ్లు పోయాయని మాత్రం చెప్పి వదిలేస్తాను.

ఈ ముప్పు మొదలైంది ఒక ఆదివారం పొద్దున. కూతురు తొల్గానయ్‌కి సంబంధం కుదిరింది. కుదిరింది అంటే, పిల్లా పిల్లాడూ రెండేళ్ల క్రితమే ఆల్మాటీలో చదువుకుంటూ కుదుర్చుకున్నారు. ఇక పెద్దవాళ్లు వచ్చి తామే కుదిర్చినట్టు మొహం పెట్టాలి. ఝర్కెంత్ నుంచి వియ్యాలవారు వస్తారు. కుర్రాడి తల్లి తన చేత్తో పిల్ల చెవులకి కమ్మలు పెడితే సంబంధం ఖాయం. పెట్టకుండా లేచి వెళ్లిపోతే, ప్రేమా లేదు, పెళ్లీ లేదు, అంతే సంగతులు.

కుల్పాష్ రొట్టె మీద వెన్న రాస్తూ మామూలుగా అంది: "కమ్మల రోజు చాయ్ నువ్వు పొయ్యాలి."

దుయ్‌సెన్ నోటి దగ్గర రొట్టె ఆగిపోయింది. "నేనా?"

"ఈ గదిలో ఇంకెవరన్నా ఉన్నారా?"

"మగాడు చాయ్ పొయ్యడమేంటే?"

"ఏం, నిన్ను చూసి కెటిల్ సిగ్గుపడుతుందా?"

"అది కాదు, ఆడవాళ్ల పని కదా..."

"ఇరవై ఆరేళ్లు పోశాను. మీ నాన్న పోయినప్పుడు నూట నలభై మందికి పోశాను. నీ యాభయ్యో పుట్టినరోజుకి అరవై మందికి పోశాను. ఆ రోజు చివర్న నాకు మిగిలింది ఒక ఉల్లిపాయ ముక్క, అది కూడా ఎవరో కొరికిన ముక్క. నా కూతురికి కమ్మలు పెట్టే రోజు నేను వియ్యపురాలి పక్కన కూర్చుంటాను. తింటాను. మాట్లాడతాను. లేవను."

"తొల్గానయ్ పోస్తుందిలే."

"కమ్మలు పెట్టించుకునే పిల్ల కెటిల్ పట్టుకుని తిరుగుతుందా? పెళ్లిరోజున గిన్నెలు కూడా దానిచేతే తోమిద్దామా?"

"పోనీ పక్కింటావిడని..."

"పక్కింటావిడ కూతురికా పెళ్లి?"

దుయ్‌సెన్ రొట్టె మింగాడు. భయం కూడా మింగాడు గానీ అది దిగలేదు.

ఎందుకంటే చాయ్ పొయ్యడమంటే అక్కడ వంపడం కాదు. చాయ్ తాగే చిన్న గిన్నెలో ముందు పాలు, తర్వాత డికాక్షన్, ఆపైన మరుగుతున్న నీళ్లు. ఒకరికి పాలెక్కువ, ఒకరికి తక్కువ, అడగకూడదు, గుర్తుండాలి. ఎవరి గిన్నె వాళ్లకే తిరిగి వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం, గిన్నెలో సగమే పొయ్యాలి. సగానికి కాస్త తగ్గినా మంచిదే. కొంచెం పోస్తే, 'కూర్చోండి, మళ్లీ మళ్లీ పోస్తాం' అని అర్థం. అంచుదాకా నింపితే, 'తాగేసి దయచెయ్యండి' అని. నోటితో పొమ్మన్నవాణ్ణి క్షమించిన చుట్టాలున్నారు. నిండు గిన్నె ఇచ్చినవాణ్ణి క్షమించిన చుట్టం ఆ దేశంలో ఇంకా పుట్టలేదు.

వచ్చేవాళ్లు పది మంది. ఒక్కొక్కరు పది పన్నెండు గిన్నెలు తాగుతారు. దుయ్‌సెన్‌కి చెయ్యి ఇప్పట్నుంచే లాగసాగింది.

పెళ్లాంతో వాదించలేని మగవాడు యంత్రాన్ని ఆశ్రయిస్తాడు. దుయ్‌సెన్ బజారులో గెర్మన్ త్సోయ్ దుకాణానికి పరుగెత్తాడు. గెర్మన్ అక్కడే పుట్టి పెరిగిన కొరియావాడు, సైన్యంలో దుయ్‌సెన్ పక్క మంచం. సెల్‌ఫోన్లు, చార్జర్లు, పేరు తెలియని పచ్చ బోర్డులు అమ్ముతాడు.

"స్మార్ట్ చాయ్ యంత్రం ఉంది" అన్నాడు గెర్మన్, అయిదు లీటర్ల పొడుగాటి కూజాలాంటిదాన్ని బల్ల మీద పెట్టి. "చైనా సరుకు. వైఫై. కింద గిన్నె పెడితే చాలు, దానంతటదే పోస్తుంది. ఫోన్లోంచి అన్నీ చెప్పుకోవచ్చు."

"సగం గిన్నె పొయ్యమని చెప్పొచ్చా?"

"అదొక్కటే చెప్పలేవు. కంపెనీ ప్రోగ్రాంలో అన్నిటికన్నా చిన్న కొలతే నిండు గిన్నె."

"మరి ఇది నాకెందుకురా? వియ్యంకుణ్ణి తరిమెయ్యడానికా?"

"ఆగరా బాబూ. లోపలి ప్రోగ్రాం పీకేసి వేరేది ఎక్కించు. నీలాంటి పనిలేనివాళ్లు ఇంటర్నెట్‌లో రాసి పెట్టారు. అందులో ఎన్ని సెకన్లు పొయ్యాలో నువ్వే చెప్పుకుంటావు. కానీ ముందు ఇది ఎన్నో రివిజనో తేల్చుకో."

"రివిజనంటే?"

"పైకి అన్నీ ఒకటే. లోపల ఫ్యాక్టరీ వాడు ఎప్పటికప్పుడు మారుస్తూ పోతాడు. ఒకటో రివిజన్‌లో ఒక చిప్పు, రెండో దాంట్లో ఇంకో చిప్పు. మూడో దాంట్లో పంపు కూడా మారిపోయింది. ఒకదానికి రాసింది ఇంకోదానికి ఎక్కించావనుకో..."

"కాలిపోతుందా?"

"కాలిపోతే నీ అదృష్టం. పనిచేస్తుంది. అదే ప్రమాదం."

దుయ్‌సెన్ యంత్రాన్ని తలకిందులు చేశాడు. "అడుగున స్టిక్కర్ మీద రెండు అని ఉందిగా."

"స్టిక్కర్ నమ్మకు. పాత స్టిక్కర్లు అయిపోయేదాకా కొత్తవాటికి కూడా అవే అతికిస్తారు. అట్టపెట్టె మీదున్నదీ నమ్మకు. విప్పి చూడు. పచ్చ బోర్డు మీద, చిప్పు పక్కన, తెల్లగా అచ్చేసిన అంకె ఉంటుంది. అదొక్కటే నిజం."

"నువ్వు పాలు తాగే వయసులో నేను రేడియోలు విప్పానురా."

"మనిద్దరిదీ ఒకే వయసు" అన్నాడు గెర్మన్. "ఆ రేడియోలు ఇప్పటికీ పాడటం లేదు."

బాల్కనీలో కూర్చుని దుయ్‌సెన్ యంత్రం విప్పాడు. ఆరు స్క్రూలు. పచ్చ బోర్డు దొరికింది. కానీ ఆవిరి తగలకుండా ఫ్యాక్టరీ వాడు దాని మీద తెల్ల రబ్బరు బంక దట్టంగా పూసి పెట్టాడు. అంకె ఆ బంక కింద ఉంది. పుల్లతో, స్పిరిట్‌తో, ఓపిగ్గా ఒక గంట గీరాలి.

దుయ్‌సెన్ మూడు నిమిషాలు గీరాడు. ఒక వంపు కనబడింది.

రెండు అంకెకీ పైన వంపే ఉంటుంది. మూడు అంకెకీ పైన వంపే ఉంటుంది. తేడా కింద ఉంటుంది. కానీ మనిషికి ఏది కావాలో వంపులో అదే కనబడుతుంది.

"రెండు!" అన్నాడు దుయ్‌సెన్.

ఊరగాయ కోసం వచ్చిన కుల్పాష్ తొంగి చూసింది. "ఏంటి గీరుతున్నావు? అడుగంటిందా?"

"రివిజన్ తేలుస్తున్నాను. తేలింది. రెండు."

"అంకె మొత్తం కనబడుతోందా?"

"పై సగం కనబడుతోంది. చాలు."

"నేనూ నీ పై సగం చూసే పెళ్లికి ఒప్పుకున్నాను. లోపల ఇంత బద్ధకం ఉందని అప్పుడెవరు గీరి చూశారు?" ఆమె ఇంకా వంగి యంత్రం మూతి కేసి చూసింది. ఆమె పాలిటెక్నిక్ కాలేజీ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. "ఇది మా క్యాంటీన్‌లో..."

"మీ క్యాంటీన్ సంగతులు తర్వాత చెబుదువుగానిలే. ఇది ఎలక్ట్రానిక్స్. సూప్ కాదు."

కుల్పాష్ నోరు మూసుకుంది. తెలివైన ఆడది నోరు మూసుకున్నప్పుడు మొగుడు భయపడాలి. దుయ్‌సెన్ ఈల వేశాడు.

ఆ తర్వాత వారం రోజులు అతను చేసినవి: మూడు వైర్లు అతికించాడు, రెండు తప్పు చోట అతికించాడు, ఒకసారి ఇల్లంతా ఫ్యూజు పోగొట్టాడు, కూతురి లాప్‌టాప్‌లో చైనా అక్షరాలు తప్ప ఇంకేమీ రాకుండా చేశాడు. తొల్గానయ్ ఏడ్చినంత పని చేసింది.

"నాన్నా, నువ్వు చేత్తో పోస్తే పోదా? నా పెళ్లి నాన్నా ఇది!"

"నీ పెళ్లి కోసమేనమ్మా ఈ తపనంతా."

"నాకు తపన వద్దు. చాయ్ చాలు."

"చూస్తూ ఉండు. ఝర్కెంత్ మొత్తం దీని గురించి చెప్పుకుంటుంది."

ఆ ఒక్కమాటా నిజమైంది.

చివరికి రెండో రివిజన్‌కి రాసిన ప్రోగ్రాం ఎక్కింది. అయిదు సెకన్లకి సగం గిన్నె అని అందులో రాసి ఉంది. పరీక్షించడానికి అతను చేతికందింది పెట్టాడు. బాల్కనీలో అతనికి అందేది ఒకటే, సైన్యం నాటి ఇనప మగ్గు. అందులో చాయ్ గిన్నెలు రెండు పడతాయి. యంత్రం ఝుయ్యిమని అయిదు సెకన్లు పోసి ఆగింది. మగ్గు సరిగ్గా సగం నిండింది.

"సగం! సరిగ్గా సగం!" దుయ్‌సెన్ గెంతాడు. సగం మగ్గంటే నిండు గిన్నె. ఇరవై ఆరేళ్లు చాయ్ తాగాడు గానీ ఒక్కనాడూ పొయ్యలేదు. గిన్నె ఎంత పడుతుందో పోసేవాళ్లకి తెలుస్తుంది, తాగేవాళ్లకేం తెలుస్తుంది?

కుల్పాష్ వచ్చి మగ్గులోకి చూసింది. యంత్రాన్ని చూసింది. మొగుణ్ణి చూసింది. "బాగుంది" అంది.

కాపురానికి వచ్చాక ఆమె 'బాగుంది' అనడం అది నాలుగోసారి. అక్కడే అనుమానపడాల్సింది. దుయ్‌సెన్ మీసం దువ్వుకున్నాడు.

*

శనివారం మధ్యాహ్నం వియ్యాలవారు దిగారు. వియ్యంకుడు ఎర్ముఖాన్ గుమ్మం పట్టనంత మనిషి. ఝర్కెంత్ పక్కనే చైనా సరిహద్దు, ఖోర్గోస్‌లో పదకొండేళ్లు లారీ తోలాడు. కోపం ముక్కు మీద, గౌరవం తల మీద ఉంటాయి. తల మీద గౌరవం అంటే నక్కతోలు టోపీ. దాన్ని తీసి తన చేత్తోనే గోడ కొక్కేనికి తగిలించాడు, ఎవరికీ ఇవ్వలేదు. భార్య ఉర్కియా సన్నటి మనిషి, కళ్లతో నవ్వుతుంది. వెనకాల ఎనిమిది మంది చుట్టాలు.

ఆడవాళ్లు పిల్లని పలకరిస్తామని లోపలి గదిలోకి వెళ్లి కాసేపటికి వచ్చారు. తొల్గానయ్ తెల్లటి పెద్ద స్కార్ఫ్ తల నిండా కప్పుకుని, కళ్లు దించుకుని తల్లి వెనకాల కూర్చుంది. వియ్యంకుణ్ణి గుమ్మానికి ఎదురుగా పెద్ద స్థానంలో కూర్చోబెట్టారు. కింద పరిచిన భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ మీద చెయ్యి పెట్టడానికి చోటు లేదు: నూనెలో వేయించిన బావర్సాక్ ఉండలు గుట్టగా, గుర్రపు మాంసం కజీ చక్రాలుగా, ఎండు ద్రాక్ష, బాదం, వెన్న, తేనె. కుల్పాష్ వియ్యపురాలి పక్కన దిట్టంగా చతికిలబడింది. ఇక ఆమెను క్రేన్ పెట్టి లేపాల్సిందే.

"చాయ్ తాగాక కమ్మల సంగతి చూద్దాం" అన్నాడు ఎర్ముఖాన్ దర్జాగా.

దుయ్‌సెన్ యంత్రాన్ని పసిబిడ్డలా ఎత్తుకొచ్చి పక్క బల్ల మీద పెట్టాడు. పాలూ డికాక్షనూ నీళ్లూ ముందే కలిపి పోశాడు. గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలెట్టాడు. "మన తాతల కాలంలో ఒంటెలుండేవి. తర్వాత లారీలొచ్చాయి. ఇప్పుడు..."

"చల్లారిపోతుంది నాన్నా" అంది తొల్గానయ్ స్కార్ఫ్‌లోంచి.

"ఇప్పుడు సైన్సు! మొదటి గిన్నె బావగారికి!"

గిన్నె పెట్టాడు. యంత్రం ఝుయ్యిమంది. దుయ్‌సెన్ గిన్నెని చూడలేదు. చప్పట్ల కోసం జనం మొహాలు చూస్తున్నాడు. అయిదు సెకన్లయ్యాక గిన్నె తీసుకెళ్లి రెండు చేతులా అందించాడు. బొటనవేలు చాయ్‌లో మునిగి కాలుతున్నా నవ్వు చెదరనివ్వలేదు.

గిన్నె అంచుదాకా నిండి, అంచు దాటి ఇంకాస్త ఉబ్బి ఉంది.

ఎనిమిది మంది చుట్టాలూ ఒకేసారి నమలడం ఆపేశారు.

"బావగారూ" అన్నాడు ఎర్ముఖాన్ మెల్లిగా. "ఇది నాకేనా?"

"మీకే బావగారూ! ప్రత్యేకం!"

"నిండుగా ఉందే."

"నిండు మనసుతో ఇచ్చాను!"

ఎర్ముఖాన్ తాగాడు. మనిషన్నాక ఒకసారి చెయ్యి జారుతుంది, క్షమించొచ్చు. ఈలోపు దుయ్‌సెన్ ఝుయ్ ఝుయ్యిమని తొమ్మిది గిన్నెలు నింపి తొమ్మిది మంది చేతుల్లో పెట్టేశాడు. ఎర్ముఖాన్ ఖాళీ గిన్నె చాపాడు. రెండోసారీ ఉబ్బిన గిన్నే వచ్చింది.

"అర్థమైంది" అన్నాడు ఎర్ముఖాన్.

"రుచి అర్థమైందా బావగారూ?"

"ఎనిమిది వందల కిలోమీటర్లు వచ్చాం. కోటు గుండీలింకా విప్పలేదు."

"విప్పండి, విప్పండి!"

"గిన్నె వద్దంటోంది."

అప్పుడు చూశాడు దుయ్‌సెన్ గిన్నెలోకి. భార్య దగ్గరికి వంగి గుసగుసలాడాడు. "కుల్పాష్! నిండుతున్నాయే!"

"రెండో రివిజన్ కదా?"

"ఏదో ఒకటి చెయ్యి!"

"నేనివాళ అతిథిని. ఆ కజీ పళ్లెం ఇటు జరుపు."

దుయ్‌సెన్ ఫోన్ తీశాడు. అయిదు సెకన్లని రెండు సెకన్లు చేసి నొక్కాడు. రెండో రివిజన్ అయితే అలాగే తగ్గేది. కానీ అది మూడోది. మూడోదాన్ని ఫ్యాక్టరీ వాడు ఇళ్ల కోసం చెయ్యలేదు, క్యాంటీన్ల కోసం, హోటళ్ల కోసం చేశాడు. అందుకే పంపు రెండింతలు పెద్దది. అందుకే అందులో సెకన్లు రాసే చోట ఒకటీ రెండూ సెకన్లు కావు, ఆజ్ఞలు. అక్కడ రెండు అని రాస్తే దాని అర్థం: మధ్యాహ్న భోజనం గంట కొట్టారు, జనం వరసలో నిలబడ్డారు, ఆపకుండా పొయ్యి.

యంత్రం దీపం నీలం నుంచి ఎరుపుకి మారింది. టింగుమంది. తేనెలాంటి ఆడగొంతు చైనా భాషలో ఏదో పలికింది. మూతిలోంచి చాయ్ ధారగా దూకింది.

ఎర్ముఖాన్ మొహం యంత్రం దీపంలాగే ఎర్రబడింది. "అదేమన్నదో తెలుసా?"

"చైనా మాట నాకేం తెలుసు బావగారూ?"

"నాకు తెలుసు. ఖోర్గోస్ అవతల ప్రతి హోటల్ గుమ్మంలోనూ ఇదే మాట. తిన్నవాడు బయటికి పోతుంటే అంటారు. 'నెమ్మదిగా వెళ్లి రండి' అని!"

యంత్రం మళ్లీ అంది. నెమ్మదిగా వెళ్లి రండి. మళ్లీ అంది. ఎనిమిది మంది చుట్టాలకీ అప్పటికి చైనా భాష వచ్చేసింది.

"లేవండర్రా!" అని గర్జించాడు ఎర్ముఖాన్.

ఎవరూ లేవలేదు. ఎలా లేస్తారు? ప్రతివాడి రెండు చేతుల్లోనూ అంచుదాకా నిండిన, పొగలు కక్కే గిన్నె. కదిలితే ఒళ్లో పడుతుంది. పెడదామంటే దస్తర్‌ఖాన్ మీద చోటు లేదు. యంత్రమేమో వెళ్లమంటోంది, గిన్నేమో కదలనివ్వడం లేదు. ఇంత మర్యాదగా గెంటించుకుని, ఇంత గట్టిగా కట్టేయించుకున్న చుట్టాలు ఏ దేశంలోనూ ఉండరు. ఎర్ముఖాన్ తానే లేవబోయి, చేతిలో గిన్నె తొణికి, "అమ్మా" అని మళ్లీ కూర్చున్నాడు.

దుయ్‌సెన్ ప్లగ్గు పీకాడు. ధార ఆగలేదు.

"కరెంటు పోయినా చాయ్ ఆగకూడదని బ్యాటరీ కూడా పెట్టాను" అన్నాడు ఏడుపు గొంతుతో. జీవితంలో అతను సరిగ్గా బిగించింది అదొక్కటే.

ధార కింద సలాడ్ గిన్నె పెట్టాడు, నిండింది. సూప్ గిన్నె పెట్టాడు, నిండింది. పూల కుండీ పెట్టాడు, పూలు తలకాయలు వాల్చాయి. చాయ్ బల్ల అంచుకి పాకి తివాచీ మీదికి దూకబోతోంది. దుయ్‌సెన్ వెనక్కి చెయ్యి చాపాడు. కొక్కేనికి మెత్తగా, లోతుగా, చక్కగా పట్టే గిన్నెలాంటిది ఒకటి తగిలింది. లాగి ధార కింద పెట్టాడు.

ఎర్ముఖాన్ చూపు ఖాళీ కొక్కెం మీద ఆగింది.

"అది" అన్నాడు ఎర్ముఖాన్, ప్రతి మాటా విడివిడిగా. "నా. టోపీ."

నక్కతోలు చాయ్ బాగా పీల్చుకుంటుంది. అది ఆ రోజు అందరూ నేర్చుకున్నారు.

అప్పుడు కుల్పాష్ లేచింది. నోట్లో ముక్క నములుతూనే వచ్చింది. యంత్రం మూతి వెనకాల చిన్న మీట మీద బొటనవేలు పెట్టి, తొందర లేకుండా మూడు లెక్కపెట్టింది. ఆడగొంతు మాట మధ్యలో ఆగింది. ధార ఆగింది.

"మూడో రివిజన్" అంది కుల్పాష్. "మా క్యాంటీన్‌లో రెండున్నాయి. ఇనప మూతి ఉంటే మూడు, ప్లాస్టిక్ మూతి ఉంటే రెండు. విప్పక్కర్లేదు, గీరక్కర్లేదు, పిల్ల లాప్‌టాప్ తగలెయ్యక్కర్లేదు."

"ముందే చెప్పొచ్చు కదే!"

"చెప్పబోయాను. క్యాంటీన్ సంగతులు తర్వాత చెప్పమన్నావు. ఇదిగో, ఇది తర్వాత."

ఎర్ముఖాన్ చివరికి గిన్నెని ఎండు ద్రాక్ష మీద పెట్టి లేచాడు. "పద ఉర్కియా. నిండు గిన్నె చూశాం, యంత్రం చేత వెళ్లమనిపించుకున్నాం, టోపీలో చాయ్ పోయించుకున్నాం. ఇంకా ఉంటే బూట్లలో కూడా పోస్తారు. సంబంధం లేదు."

దుయ్‌సెన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కూతురి వైపు చూడలేకపోయాడు. కూతురు రెండేళ్లుగా ఎవరి పేరు ఫోన్లో గుసగుసగా పలుకుతోందో, ఆ పిల్లాణ్ణి తండ్రి ఒక పంపుతో తోడి పారబోశాడు. "బావగారూ" అన్నాడు. ఈసారి ఉపన్యాసం రాలేదు. "తప్పు యంత్రానిది కాదు. నాది. చాయ్ పొయ్యడానికి బద్ధకించాను. నన్ను తిట్టండి. పిల్లని వదలకండి."

"ఆలస్యమైంది. ఉర్కియా, కమ్మలు సంచిలో పెట్టుకో."

"కమ్మలు నా దగ్గర లేవు" అంది ఉర్కియా, కదలకుండా.

"పోగొట్టావా?"

ఉర్కియా చెయ్యి చాపి తొల్గానయ్ స్కార్ఫ్ వెనక్కి తోసింది. పిల్ల చెవులకి వెండి కమ్మలు ఊగుతున్నాయి. పిల్ల కిందకి చూస్తూ పెదవి కొరుక్కుంటోంది, ఏడుపాపుకోవడానికి కాదు.

"ఎప్పుడు పెట్టావు?"

"నీ మొదటి గిన్నె నిండకముందే. లోపలి గదిలో."

"నాకు తెలియకుండానా!"

"వదినగారు నిన్న ఫోన్ చేసింది. 'మా ఆయన రేపు మీ గిన్నెలన్నీ నింపేస్తాడు, ఎంత చెప్పినా వినడు, ఏమీ అనుకోకండి, ముందు పిల్లకి కమ్మలు పెట్టేద్దాం' అంది. పెట్టిన కమ్మలు ఎవరైనా తీస్తారా? కూర్చో."

"మరి నాకొక్కడికీ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏముంది? గంటసేపట్నుంచి నిన్ను చూస్తున్నాను. ముప్పై ఏళ్లలో ఇంత కాలక్షేపం ఎప్పుడు పెట్టావు నాకు?"

కుల్పాష్ అప్పటికే దోసిలి నిండా చాక్లెట్లూ పంచదార బిళ్లలూ తీసి పిల్ల నెత్తిన, అందరి నెత్తినా జల్లేసింది. శుభం జరిగిందంటే జల్లాల్సిందే. చుట్టాలు ఏరుకుందామంటే చేతుల్లో గిన్నెలు. ఒక చాక్లెట్ ఎర్ముఖాన్ గిన్నెలో పడి చాయ్ మీసం మీదికి చిమ్మింది. ఎర్ముఖాన్ మీసం తుడుచుకున్నాడు. భార్యని చూశాడు, వియ్యపురాల్ని చూశాడు, టోపీని చూశాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. ఆ పైన గదంతా కదిలేలా నవ్వాడు.

"టోపీ ఎండేదాకా ఎటూ పోలేను" అన్నాడు. "నక్కతోలు ఎండడానికి రెండు రోజులు."

"అంతవరకూ చాయ్ తాగుదాం" అంది ఉర్కియా. "చేత్తో పోసింది. అన్నయ్యగారు పోస్తారు. నువ్వు గిన్నెలు అందియ్యి."

ఎర్ముఖాన్ నవ్వు ఠక్కున ఆగింది. "నేనా?"

దుయ్‌సెన్ అతని వంక జాలిగా చూశాడు. ఆ మాట ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

"నువ్వే" అంది ఉర్కియా. "లారీలో ఎనభై టన్నులు మోశానని చెబుతావు. గిన్నె మొయ్యలేవా?"

ఇద్దరు పెద్దమనుషులూ కెటిల్‌కి అటొకరు ఇటొకరు మోకాళ్లు మడిచి కూర్చున్నారు. దుయ్‌సెన్ మొదటి గిన్నెలో భయం భయంగా పోశాడు.

"ఇది చాయా, కంట్లో వేసుకునే చుక్కలా?" అని అడిగింది కుల్పాష్.

రెండోదాంట్లో పాలు మర్చిపోయాడు. మూడోదాంట్లో పాలు తప్ప అన్నీ మర్చిపోయాడు. నాలుగోది ఎర్ముఖాన్ తన మేనమామకి ఇవ్వాల్సింది మేనత్తకి ఇచ్చి, ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. "పాలు ముందు!" "అది నా గిన్నె కాదు!" "చెయ్యి వణకనియ్యకు!" చుట్టాలు తినడం మానేసి చూస్తున్నారు. చమటలు కారుతుంటే దుయ్‌సెన్, "బావగారూ, రోజూ ఇదే పనా వీళ్లకి?" అన్నాడు గుసగుసగా. "మాట్లాడకండి, లెక్క తప్పుతాను" అన్నాడు ఎర్ముఖాన్.

ఒక్కొక్కరూ గిన్నె మీద అరచెయ్యి కప్పారు. చాలు అని. మేనమామ కప్పాడు, మేనత్త కప్పింది, తొల్గానయ్ కప్పింది, కుల్పాష్ కూడా దయతలచి కప్పింది. ఉర్కియా ఒక్కతే మిగిలింది. అప్పటికి పద్నాలుగు గిన్నెలు తాగింది.

దుయ్‌సెన్ ఆమె చేతినే చూస్తున్నాడు. ఎర్ముఖాన్ కూడా చూస్తున్నాడు. ఉర్కియా చెయ్యి మెల్లిగా పైకి లేచింది. గిన్నె మీదికి వచ్చింది. ఇద్దరు మగవాళ్లూ ఊపిరి బిగబట్టారు. చెయ్యి గిన్నెని దాటి పైకి వెళ్లి స్కార్ఫ్ సర్దుకుని దిగింది, గిన్నె పట్టుకుంది, ముందుకి చాపింది.

"సగమే పొయ్యండి అన్నయ్యగారూ" అంది ఉర్కియా. "తొందరేముంది? దాహం ఇప్పుడే మొదలైంది."